చిత్తూరు నాగయ్య

చిత్తూరు వి. నాగయ్య (1904–1973) రేపల్లెలో పుట్టి తెలుగు టాకీల తొలి దశకు కథానాయకుడైన నటుడు, గాయకుడు, సంగీత దర్శకుడు, నిర్మాత, దర్శకుడు. 1938లో ‘గృహలక్ష్మి’తో తెరపైకి వచ్చారు; ‘వందేమాతరం’ (1939), ‘దేవత’ (1941), ‘భక్త పోతన’ (1943) ఆయనకు పేరు తెచ్చాయి. నటి భానుమతితో ‘స్వర్గసీమ’ (1945)లో నటించారు. ‘త్యాగయ్య’ (1946)ను స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, త్యాగరాజుగా కనిపించారు.

నాగయ్య కథానాయకత్వానికి పునాది రూపం కాదు, గొంతు. మాట, పాట ఒకే కంఠంలోంచి రావడంతో సంభాషణ ఎక్కడ ఆగి కీర్తన ఎక్కడ మొదలైందో తెలియని అతుకు కుదిరేది. ‘యోగి వేమన’ (1947)లో భోగి అయిన వేమన విరాగిగా మారడం నమ్మదగినట్టుగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. నేపథ్య గానం స్థిరపడగానే ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఆయన స్థానాన్ని తీసుకోవడాన్ని బట్టి ఆ గొంతు ప్రాధాన్యం కేవలం సాంకేతిక అవసరమేనని వాదించవచ్చు. కానీ పాటల భారం లేని తండ్రి పాత్రల్లోనూ ఆయన దశాబ్దాలు నిలిచారు. అంటే ఆ గొంతులోని ఆర్ద్రత రాగానిదే కాదు, నటనది కూడా. 1964లో, అరవయ్యేళ్ల వయసులో, ‘రామదాసు’కు దర్శకత్వం వహించి ప్రధాన పాత్ర ధరించారు. 1965లో పద్మశ్రీ లభించింది. చెన్నై పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది.