కొల్లేటి అడుగున ఉప్పు

ఈ కథ ముగింపు మీకు తెలిసిందే. కొల్లేరనే మహా సరస్సు ఇవాళ చాలా మేరకు గట్లు, గట్ల నడుమ చేపల చెరువులు. అయినా ఒక్కసారి వెనక్కి పోయి చూద్దాం, మనసు ఊరుకోదు గనక.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఒదిగిన మంచినీటి కొలను అది. ఒకనాడు అక్కడ కడలే ఉండేదంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. కడలి తగ్గిపోయింది, దాని ఉప్పు మట్టి పొరల్లో ఉండిపోయింది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన తియ్యని నీరు నిండుగా నిలిచినంత కాలం, ఇంకిన నీటి బరువు కిందనున్న ఉప్పునీటిని పైకి రానివ్వలేదు. నిద్రపోయే పాము మీద చాప పరిచి కాపురం చేసినట్టే. ఆ చాప మీదే తామరలు పూశాయి, కిక్కిస దుబ్బులు పెరిగాయి, గూడబాతులు పిల్లల్ని పెంచాయి.

1970ల్లో మత్స్యకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. పేదవాడి కంచంలో ఇంత కూడు పడాలన్న ఆ తలంపును ఏ నోటితో తప్పుపడతాం? వెనకాలే డబ్బున్నవాళ్ళు దిగారు. గట్టు మీద గట్టు లేచి ఏటి నీటి దారులు మూసింది. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే, కొల్లేటి నీటిని కడలికి చేర్చాల్సిన ఉప్పుటేరే పోటు వేళ ఉప్పునీటిని ఎగువకు తెచ్చింది.

నేల అడుగున జరిగేది కంటికి కనపడదు. పైనున్న మంచినీటి బరువు తగ్గేకొద్దీ ఉప్పునీరు బంకమట్టి సందుల్లోంచి మెల్లగా పైకి పాకుతుంది. ఎండ నీటిని తీసుకుపోయి ఉప్పును వదిలేస్తుంది. సోడియం పట్టిన మట్టి తడిస్తే జిగటవుతుంది, ఆరితే బిగుసుకుపోతుంది. వేరుకు గాలి ఆడదు. చుట్టూ తడి ఉన్నా ఉప్పు దాన్ని వేరుకు అందనివ్వదు. మంచినీటి మొక్క నీళ్ళలో ఉండే దప్పికతో చస్తుంది. ఆ చవుట్లో బతికేవి ఇలకూర, సర్కారు తుమ్మలాంటివే.

మళ్ళుకునే అవకాశాలు రాకపోలేదు. 1999లో +5 అడుగుల కాంటూరు (సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తు గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు పేల్చి నీటికి దారి ఇచ్చారు. ఆ రోజుల్లోనైనా పట్టు సడలకుండా ఉంటే! 2008లో శాసనసభ సరిహద్దును +3కు కుదించమని తీర్మానించింది. కూల్చిన గట్లు మళ్ళీ లేచాయి.

హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి వాసులారా, ఆ గట్ల నడుమ పెరిగిన చేప మీ దాకా రావచ్చు; రామ్‌నగర్ మార్కెట్లో బొచ్చె చేప తూయించుకునే ముందు అది ఏ చెరువుదో ఒక్కమాట అడగండి.