పెంపుడు కుందేలుకు సంతాన నిరోధక ఆపరేషన్: ముందు, తర్వాత తీసుకోవలసిన జాగ్రత్తలు

పిల్లలు ముచ్చటపడ్డారని ఒక జత కుందేళ్లు తెచ్చుకున్న ఇళ్లలో ఏడాది తిరిగేసరికి బోను చాలదు. ఆడ కుందేలు 30 నుంచి 32 రోజుల్లో ఈనుతుంది. మగది పక్కనే ఉంటే ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు. అందుకే అమ్మకానికి కాకుండా ముచ్చటకు పెంచుకునే కుందేళ్లకు ఆపరేషన్ చేయించడం మంచిది.

కోడెదూడకు, మేకపోతుకు విత్తులు కొట్టించడం మనకు కొత్త కాదు. కానీ ఆ అనుభవంతోనే కుందేలునూ చూసుకుంటే ప్రమాదం. కోడెలకు వాడే నొక్కుడు పరికరం దీనికి పనికిరాదు. పశువైద్యుడు మత్తు ఇచ్చి ఆపరేషనే చేయాలి. ఆ తర్వాత కుందేలు చనిపోయిందంటే చాలాసార్లు కారణం గాయం కాదు, మేత ఆగిపోవడం. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా జాగ్రత్తలు సులువుగా అర్థమవుతాయి.

ఏ వయసులో చేయించాలి?

మగ కుందేలుకు వృషణాలు కిందికి దిగిన తర్వాత, సాధారణంగా నాలుగైదు నెలల వయసులో చేయిస్తారు. ఆడదానికి పొట్ట కోసి గర్భసంచి తీయాలి కాబట్టి ఆరు నెలల వరకు ఆగడం మంచిది. మగదానికి ఆపరేషన్ చిన్నది, త్వరగా కోలుకుంటుంది. రెండింటిలో ఒకదానికే చేయించగలిగితే మగదానికి చేయించండి. అయితే వయసు పైబడిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ తరచుగా వస్తుంది. పిల్లలు అవసరం లేని ఆడదానికి వయసులోనే చేయిస్తే ఆ భయం ఉండదు.

తేదీ ఖాయం చేసుకునే ముందు

కుందేలు వారం రోజులుగా చక్కగా తింటున్నదా, పెంటికలు గుండ్రంగా, గట్టిగా వేస్తున్నదా గమనించాలి. విరేచనాలు, ముక్కు కారడం, తుమ్ములు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయాలి. ఆడది చూడి మీద ఉందేమోనన్న అనుమానం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

కుందేలుకు చెమట పట్టదు. వేడికి తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో అత్యవసరం కాకపోతే చేయించకండి. ఏ కాలంలోనైనా తెల్లవారుజామున బయల్దేరాలి. గోనెసంచిలో వేయకూడదు, చెవులు పట్టి ఎత్తకూడదు. గాలి ఆడే బుట్టలో ఎండుగడ్డి పరిచి, ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తి అందులో ఉంచాలి. రోజూ తినే మేత కొంత వెంట తీసుకెళ్లాలి. మెలకువ రాగానే తెలిసిన మేత ఎదురుగా ఉంటే త్వరగా నోరు పెడుతుంది.

పస్తు పెట్టకండి

మేకకు ఆపరేషన్ అంటే ముందు నుంచే మేత ఆపుతాం. కుక్కను రాత్రి నుంచి పస్తు ఉంచమంటారు. కుందేలుకు ఇది వర్తించదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి మత్తులో తిన్నది పైకి వస్తుందన్న భయం లేదు. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. మేత ఆగితే పేగుల కదలిక తగ్గి, గ్యాస్ నిండి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి నుంచి బయల్దేరే వరకు గడ్డి, నీళ్లు ఉంచండి. నోట్లో మేత లేకుండా చూసుకోవడానికి మత్తుకు కొద్దిసేపు ముందు ఆసుపత్రిలోనే తీసేస్తారు. ఎవరైనా రాత్రి నుంచి పస్తు ఉంచమంటే, ఆ మాట ఒకసారి డాక్టరునే అడిగి తేల్చుకోండి.

ఆసుపత్రిలో అడగవలసినవి

కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మీ దగ్గరి ఆసుపత్రిలో లేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విచారించండి. కుందేలును తప్పక తూకం వేయించాలి. మత్తుమందు మోతాదు బరువును బట్టే ఉంటుంది. ఇంటికి తెచ్చే ముందు నొప్పి మందు ఎన్ని రోజులు ఇవ్వాలి, కుట్లు వాటంతట అవే కరుగుతాయా, తీయించాలా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

మొదటి 24 గంటలు

ఇది అసలైన పరీక్షా సమయం. గాలి విసురు తగలని, చప్పుడు లేని చోట ఒకే అంతస్తు ఉన్న బోనులో ఉంచాలి. అడుగున రంపపు పొట్టు వేయకుండా ఉతికిన పాత నూలు బట్ట పరచాలి. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసాకు బట్ట చుట్టి ఒక పక్కన పెట్టాలి. వేడి అనిపిస్తే కుందేలు పక్కకు జరగడానికి చోటుండాలి.

ఎండుగడ్డి, గరిక, కొత్తిమీర, దశరథ గడ్డి ముందు పెట్టండి. నీళ్లు లోతు తక్కువ గిన్నెలో ఇవ్వండి. మొదట ఏ గంటకు తిన్నది, ఎప్పుడు పెంటిక వేసింది రాసి పెట్టుకోండి. మొదటి పెంటికలు చిన్నవిగా ఉన్నా ఫర్వాలేదు. ఇంటికి వచ్చాక 12 గంటలైనా ఏమీ తినకపోతే, లేదా 24 గంటలైనా పెంటిక వేయకపోతే తెల్లవారే వరకు చూద్దామనుకోకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన చెబితే దాణా గుళికలను నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి, సూది తీసిన సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా ఇవ్వాలి. పొట్ట ఉబ్బి బిగుసుకుని ఉంటే మాత్రం బలవంతంగా తినిపించకూడదు.

తర్వాతి పది రోజులు

గాయాన్ని ఉదయం, సాయంత్రం చూడండి. మగదానికి రెండు మూడు రోజులు కొద్దిగా వాపు ఉండవచ్చు. గాయంపై పసుపు, బూడిద, వేపనూనె ఏదీ పూయకండి. స్నానం చేయించకండి. ఈగలు వాలితే పురుగు పడుతుంది కాబట్టి బోనుకు దోమతెర కట్టి, తడిసిన బట్టను రోజూ మార్చండి. కుందేలు తెల్లవారుజామున తన మెత్తటి పెంటికలను తానే తింటుంది. అది దానికి అవసరం, ఆపకండి. మెడకు పట్టీ కడితే ఆ పని చేసుకోలేదు, మేత కూడా సరిగా తినదు. అందుకే డాక్టరు చెబితేనే పట్టీ కట్టాలి.

ఆపరేషన్ అయిన మగదానిలో ఆరు వారాల వరకు వీర్యం మిగిలి ఉండవచ్చు. అంతవరకు ఆడదాని దగ్గరకు వదలకండి. ఆడదానికి ఆపరేషన్ అయితే కుట్లు మానేవరకు దూకనివ్వకుండా, మగదానికి దూరంగా ఉంచాలి.

ఇంట్లో మిగిలిన మందులు వాడకండి

మేకలకో, మనుషులకో తెచ్చి మిగిలిన అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ వంటి మందులు కుందేలుకు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలు పట్టి చనిపోవచ్చు. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషమే. మనుషుల నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వకండి.

ఈ లక్షణాలుంటే వెంటనే తీసుకెళ్లండి

• ముడుచుకుని కూర్చుని, పళ్లు గట్టిగా కొరుకుతుంటే
• పొట్ట ఉబ్బితే, మేత ముట్టకపోతే
• గాయం విచ్చుకున్నా, రక్తం, చీము, దుర్వాసన వచ్చినా
• ఒళ్లు చల్లబడినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా

కుందేలు నొప్పిని బయటకు చూపదు, అరవదు. కదలకుండా మూల కూర్చుంటే "విశ్రాంతి తీసుకుంటోంది" అనుకుని వదిలేస్తాం. దాని ముందున్న గడ్డి ఎంత తగ్గింది, బోనులో పెంటికలు ఎన్ని పడ్డాయి అన్నవే మీకు సరైన లెక్క. ఆ రెండూ చూసే పని ఇంట్లో ఒకరికి అప్పగించి, మొదటి మూడు రోజులు పూటపూటకూ రాయించండి.