ప్రోగ్రామ్‌లో బంగారం బరువు: సొంత టైపులు, డేటా బైండింగ్

కేజీఎఫ్‌లో బంగారం బరువుకు మూడు లెక్కలు వినబడతాయి. బ్రిటిష్ కాలపు గని రిపోర్టుల్లో ఔన్సులు. అంగడి బిల్లులో గ్రాములు. ఇంట్లో అవ్వ చెప్పేది సవరన్లు. సవరను అంటే 8 గ్రాములు. బంగారం ఔన్సు సుమారు 31.1 గ్రాములు, మామూలు ఔన్సు 28.35 గ్రాములే, రెంటినీ కలపొద్దు.

పీయూసీ, బీసీఏ పిల్లలు సీ షార్ప్‌లో నగల లెక్కల ప్రాజెక్టు చేస్తూ బరువును ఉత్త అంకెగా పెట్టుకుంటే, 2 అన్నచోట 2 గ్రాములా, 2 సవరన్లా? తేడా 14 గ్రాములు. అదెంత డబ్బో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. అందుకే 'బరువు' అని సొంత టైపు రాసుకోవాలి. లోపల ఎప్పుడూ గ్రాములే ఉండాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. స్ట్రింగ్ నుంచి బరువుకు ఇంప్లిసిట్ కన్వర్షన్ రాస్తారు. కోడ్‌లో "2 సవరన్లు" అని ఇస్తే దానంతట అదే బరువైపోతుంది. బాగుంది కదా అని డబ్ల్యూపీఎఫ్ విండోలో టెక్స్ట్‌బాక్స్‌ను ఆ బరువుకు బైండ్ చేస్తారు. కంపైలర్ ఒక్క తప్పూ చూపదు. కానీ బాక్సులో టైప్ చేసింది బరువులోకి చేరదు.

ఎందుకంటే ఇంప్లిసిట్ కన్వర్షన్ కంపైలర్ చూసుకునే పని. కోడ్‌ను కంపైల్ చేసేటప్పుడే ఇటు స్ట్రింగ్, అటు బరువు అని గుర్తుపట్టి, మార్చే మెథడ్‌ను అక్కడ పిలిచేలా పెడుతుంది. బైండింగ్ జరిగేది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు. అది ఆ మెథడ్ కోసం చూడదు, టైప్‌కన్వర్టర్ కోసం చూస్తుంది.

కాబట్టి టైప్‌కన్వర్టర్ నుంచి ఒక క్లాసు రాయండి. కెన్‌కన్వర్ట్‌ఫ్రమ్‌లో స్ట్రింగ్‌కు 'సరే' అనండి. కన్వర్ట్‌ఫ్రమ్‌లో అంకెను, కొలతను విడదీసి గ్రాములు చేయండి. ఆ క్లాసును బరువు టైపు పైన యాట్రిబ్యూట్‌గా తగిలించండి. విండోస్ ఫారమ్స్‌కూ ఇదే పనికొస్తుంది. టూస్ట్రింగ్ కూడా రాయాలి, లేకపోతే తెర మీద బరువు బదులు టైపు పేరు కనబడుతుంది. ఒక్క తెరకే కావాలంటే ఐవాల్యూకన్వర్టర్ చాలు.

కొలత రాయకుండా ఉత్త "2" అని కొడితే గ్రాములే అనుకోవద్దు. ఫార్మాట్ ఎక్సెప్షన్ ఇవ్వండి. బాక్సు చుట్టూ ఎర్ర గీత వస్తుంది, పాత బరువు చెడదు. బాక్సు వదిలి పక్కకు పోయాకే విలువ లోపలికి పోతుందని గుర్తుంచుకోండి, లేకపోతే పని చేయలేదని కంగారు పడతారు.

అంకె నుంచి బరువుకు మాత్రం ఇంప్లిసిట్ కన్వర్షన్ అసలు వద్దంటాను. 'గ్రాముల నుంచి', 'సవరన్ల నుంచి' అని వేరువేరు మెథడ్లు పెట్టుకోండి. రెండు అక్షరాలు ఎక్కువ కొట్టినా పరవాలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట: దీనికి విజువల్ స్టూడియో కమ్యూనిటీ చాలు, విద్యార్థులకు అది ఉచితం. డబ్ల్యూపీఎఫ్‌కు విండోస్ ఉన్న కంప్యూటరే కావాలి.