టీ206 బేస్‌బాల్ కార్డులు: ముద్రణ మూలాలు, భేదాలు

టీ206 అనేది 1909–1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్, పొగాకు ప్యాకెట్లలో పెట్టి ఇచ్చిన బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డుల శ్రేణి. ఇందులో 524 కార్డులు ఉన్నట్టు లెక్క. కార్డు సుమారు 2.6 అంగుళాల ఎత్తు, 1.4 అంగుళాల వెడల్పు ఉంటుంది. ముందువైపు తెల్లటి అంచు మధ్య రంగుల బొమ్మ, దాని కింద గోధుమరంగు సిరాతో ఆటగాడి ఇంటిపేరు, జట్టు ఊరు కనిపిస్తాయి. వెనకవైపు పొగాకు బ్రాండు ప్రకటన ఉంటుంది. అచ్చయిన సంవత్సరం గానీ వరస సంఖ్య గానీ కార్డుపై వేయలేదు. అందుకే వీటి ముద్రణ చరిత్రను ప్రధానంగా ఆ కార్డుల నుంచే రాబట్టాల్సి వచ్చింది.

పేరు

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చెందిన జెఫర్సన్ బర్డిక్ పాత కార్డులన్నిటినీ వర్గీకరించి జాబితా తయారుచేశాడు. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’, 20వ శతాబ్దపు వాటికి ‘టీ’ గుర్తు పెట్టాడు. ‘టీ206’ అనే పేరు అలా వచ్చింది. భేదాలు అంతు చిక్కనన్ని ఉండడంతో సేకర్తలు ఈ శ్రేణిని ‘మాన్‌స్టర్’ అని కూడా పిలుస్తారు.

ముద్రణ

కార్డులను న్యూయార్క్‌లోని అమెరికన్ లిథోగ్రాఫిక్ కంపెనీ అచ్చువేసింది. చాలా బొమ్మలకు ఆధారం స్టూడియో ఛాయాచిత్రాలు. ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డుకు మూలమైన ఫొటోను బోస్టన్‌కు చెందిన కార్ల్ హార్నర్ తీశాడు. రంగుల లిథో పద్ధతిలో ఒక్కో రంగును విడిగా అచ్చువేయాలి. పెద్ద కాగితంపై కార్డులను పక్కపక్కన ముద్రించి తర్వాత కోసేవారు.

వెనకవైపు ఆధారాలు

శ్రేణిలో 16 బ్రాండ్ల పేర్లు కనిపిస్తాయి. పీడ్‌మాంట్, స్వీట్ కాపోరల్ విరివిగా దొరుకుతాయి. డ్రమ్, బ్రాడ్ లీఫ్, ఉజిట్ అరుదు. ‘టై కాబ్’ బ్రాండు ప్రకటన ఆ పేరు గల ఆటగాడి ఎర్రరంగు నేపథ్యపు చిత్రం వెనక మాత్రమే దొరికింది. అమెరికన్ బ్యూటీ కార్డుల వెడల్పు మిగతా వాటికన్నా తక్కువ. పోలార్ బేర్ విడి పొగాకు కావడంతో దాని కార్డులకు మరకలు సహజం.

చాలా ప్రకటనల్లో కర్మాగారం సంఖ్య, ‘150’, ‘350’, ‘350–460’ వంటి అంకెలు ఉంటాయి. ఈ అంకెలే కాలనిర్ణయానికి ఆధారం. వాగ్నర్ కార్డులు తొలిదశను సూచించే ‘150’ అంకె ఉన్న వెనకలతోనే దొరికాయి. అంటే అతని బొమ్మ ముద్రణ తొలిదశలోనే ఆగిపోయింది. అతను అనుమతి ఇవ్వలేదన్నది ప్రసిద్ధ వివరణ. పొగాకుపై అయిష్టత వల్లనా, పారితోషికం కోసమా అన్న వాదన ఇంకా తెగలేదు. ఈ కార్డు ప్రతుల్లో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

ముందువైపు భేదాలు

కొన్ని మార్పులు అచ్చుతప్పు దిద్దుబాట్లు. షెర్రీ మాగీ పేరులోని అక్షరాలు మొదట తప్పుగా పడ్డాయి. ఆ తప్పు కార్డు ‘పీడ్‌మాంట్ 150’ వెనకతో మాత్రమే ఉంది. జో డోయల్‌ను పొరపాటున నేషనల్ లీగ్ ఆటగాడిగా చూపి, తర్వాత ఆ మాట తొలగించారు. తొలగించక ముందు అచ్చయిన ప్రతులు అత్యంత అరుదు. మరికొన్ని మార్పులకు ఆటగాళ్ల బదిలీలు కారణం. రే డెమిట్, బిల్ ఓహారాలకు న్యూయార్క్ బదులు సెయింట్ లూయిస్ పేరు వేసిన కార్డులు పోలార్ బేర్ వెనకతోనే లభించాయి.

లోపాలే సాక్ష్యాలు

పూర్తి కాగితం ఒక్కటీ కోయకుండా మిగిలినట్టు తెలియదు. అందుకే పరిశోధకులు చెడిపోయిన కార్డులను వెతికి పట్టుకుంటారు. తప్పుగా కోసిన కార్డు పైఅంచున పక్క కార్డులోని పేరు కనబడుతుంది. పైనా కిందా ఒకే పేరుంటే ఆ బొమ్మ నిలువు వరసలో మళ్లీ మళ్లీ వేసినట్టు అర్థం. రెండు వేర్వేరు పేర్లుంటే ఒక వరస ముగిసి మరొకటి మొదలైనట్టు. సిరా ఆరకముందే దొంతర పెట్టిన కాగితాల్లో ఒక బొమ్మ మరో కాగితం వెనక తిరగబడి అంటుకుంది. రంగు తక్కువైన చెత్త ప్రతులు ఏ రంగు తర్వాత ఏది పడిందో ఊహించడానికి తోడ్పడతాయి.

అచ్చు పలకపై పడిన గీతలు మరింత విలువైనవి. ఒక కార్డు వెనక అంచు దగ్గర తెగిన గీత మరో ఆటగాడి కార్డుపై కొనసాగితే, ఆ రెండూ కాగితంపై ఇరుగుపొరుగువే. ‘పీడ్‌మాంట్ 150’ వెనకలపై ఇటువంటి గీతలను జతచేస్తూ కాగితం అమరికను కొంతవరకు పునర్నిర్మించారు.

నకళ్ల గుర్తింపు

అసలు కార్డుపై పేరును భూతద్దంతో చూస్తే అక్షరాల్లో సిరా నిండుగా కనిపిస్తుంది. ఆధునిక నకలులో అదే అక్షరం రంగుచుక్కలుగా విడిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి వాడుకలోకి వచ్చిన తెలుపు పెంచే రసాయనాలున్న కాగితం అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. 1909 నాటి కాగితానికి ఆ మెరుపు ఉండదు.

బర్డిక్ సేకరించిన 3 లక్షలకు పైగా కార్డులు, ముద్రిత చిత్రాలు ప్రస్తుతం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.