తూటా మందు యాడికి పోయింది?

మా అక్క కొడుకు డాలస్ దిక్కు ఉంటడు. గ్రీన్ కార్డ్ అచ్చినంక తుపాకి కొన్నడు. ఐతారం అచ్చిందంటే రేంజ్‌కు పోయి కాలుస్తడు. నాకు తుపాకులంటే పడదు, ఆ సంగతి వానికి ఎరికే. అయినా 2021ల ఒకనాడు ఫోన్ జేసి, "మామా, ఈడ గవర్నమెంటోళ్లు ప్రైమర్లన్ని దాచిపెట్టిన్రట, మాకు దొరకకుంట జేస్తున్రు" అన్నడు. ఎవలు చెప్పిన్రురా అంటే "అందరు అంటున్రు మామా" అన్నడు. అప్పటిసంది గీ ముచ్చట మీద కనవడ్డదల్లా సదువుకుంట అచ్చిన. "అందరు అంటున్రు" అనే మాట ఇన్నప్పుడల్లా నాకు లోపల ఏదో గుచ్చుకుంటది.

కాల్చిన తూటా ఇత్తడి కేసు పారేయకుంట మళ్ల నింపుకునుడే రీలోడింగ్. దానికి కేసు, మందు, సీసం గుండు, ప్రైమర్ కావాలె. కేసు చాన సార్లు అక్కరకస్తది. గుండు ఇంట్లనే సీసం కరిగించి పోసుకునేటోళ్లున్నరు. ప్రైమర్ మాత్రం అట్ల గాదు. కందిగింజంత ఉంటది. దీపావళికి పోరగాండ్లు పిస్తోల్‌ల పెట్టి కాల్చే బిళ్ల లెక్కనే, దెబ్బ తాకంగనే నిప్పు లేస్తది, దాంతోని లోపటి మందు అంటుకుంటది. అండ్ల లెడ్ స్టిఫ్నేట్ అనే పేలుడు పదార్థం ఉంటది. తడిమీదనే పని చెయ్యాలె, ఎండితే జర రాపిడికే పేల్తది. గందుకే అమెరికా అసొంటి దేశంల సుత దాన్ని పెద్దఎత్తున చేసేటియి నాలుగు పేర్లే: ఐడహో రాష్ట్రం లూయిస్టన్‌ల సీసీఐ, మిన్నెసోటా అనోకాల ఫెడరల్, ఆర్కన్సా లోనోక్‌ల రెమింగ్టన్, ఇంకోటి వించెస్టర్. అండ్ల సీసీఐ, ఫెడరల్ రెండూ అప్పుడు విస్టా ఔట్‌డోర్ అనే ఒక్క కంపెనీయే.

పుకార్లు ఉత్తగనే పుట్టయి. 2009 మార్చిల అమెరికా రక్షణ శాఖ, సైన్యం కాల్చిన ఇత్తడి కేసులను అట్లనే అమ్మద్దు, నుజ్జు జేసినంకనే తుక్కు కింద అమ్మాలె అన్నది. ఒబామా గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలే. మోంటానా సెనేటర్లు ఇద్దరు అడ్డం వడ్డరు, కొన్ని రోజులకే ఆర్డర్ వాపస్ అయింది. గది నిజంగ జరిగిన సంగతే. కని ఆర్డర్ యాదికున్నోళ్లకు వాపస్ యాదికి లేదు.

2012 డిసెంబర్ 14న కనెటికట్‌ల శాండీ హుక్ బడిల ఒకడు 20 మంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దోళ్లను కాల్చి సంపిండు. ఇగ చట్టం అస్తదేమో అన్న భయానికి తూటాల దుకాండ్లు ఖాళీ అయినయి. పిల్లలు సచ్చిపోతే జనం తూటాలు కొనవట్టిరి, ఆ సంగతి నేను ఇప్పటికీ మింగలేకపోతున్న. గా టైంలనే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 160 కోట్ల తూటాలు కొని దాస్తున్నదని మాట పాకింది. కాంట్రాక్టులల్ల "అయిదేండ్లల ఇంతదాంక కొనొచ్చు" అని రాసుకున్న హద్దులను కూడితే అచ్చిన అంకె అది. 2014 జనవరిల అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే, 2013 ఆర్థిక సంవత్సరంల ఆ శాఖ కొన్నయి 8.4 కోట్లు. అంతకుముందు అయిదేండ్లల ఏ ఏడు చూసినా ఇంతకన్న ఎక్కువనే కొన్నది.

అదే ఏడు చివర్ల మిసోరీల హెర్క్యులేనియం అనే ఊర్ల సీసం కరిగించే కార్ఖానా బందైంది. "సీసం లేకుంట జేసి తూటాలు ఆపుతున్రు" అని మళ్ల ఒకటే లొల్లి. అది ఖనిజం నుంచి సీసం తీసే కార్ఖానా, 1892 సంది నడిచింది. తూటాల కంపెనీలు వాడేది ఎక్కువ పాత బ్యాటరీలు గిట్ల కరిగించిన సీసం. ఇగ ఆ ఊరు సంగతి ఎవలన్న అడిగిన్రా? కార్ఖానా పక్కపొంటి ఇండ్లల్ల ఉన్న చిన్నపిల్లల నెత్తుర్ల సీసం కలిసింది. రోడ్డు మీది దుమ్ముల సుత సీసమే. కంపెనీ చుట్టుపక్కల ఇండ్లు కొని ఖాళీ చేయించింది. గాలిల సీసం మీద 2008ల హద్దు గట్టిగ పెట్టంగనే, కొత్త తీరుగ కట్టుకునే ఖర్చు పెట్టుకోలేక బంద్ జేసుకున్నరు. పిల్లల పానాల కోసం అచ్చిన నిబంధనను తుపాకి మీద కుట్ర అని ప్రచారం జేసిన్రు.

ఇగ మా అల్లుడు అడిగిన 2020–21 కొరత. అసలు కథ 2016 కాడ మొదలైతది. ట్రంప్ గెల్వంగనే తుపాకుల మీద చట్టం రాదన్న ధీమాకు కొనుడు తగ్గింది. రెమింగ్టన్ 2018ల దివాలా తీసింది, 2020 జులైల ఇంకోపారి తీసింది. లోనోక్ ఫ్యాక్టరీ సగం పండుకున్నది. సరిగ్గ అప్పుడే కరోనా, జార్జ్ ఫ్లాయిడ్ హత్య, ఎలక్షన్లు. తుపాకులకు సంబంధించి ఎఫ్‌బీఐ చేసే తనిఖీలు 2019ల 2.84 కోట్లుంటే 2020ల 3.97 కోట్లు అయినయి. తనిఖీ అంటే అమ్మకం అని కాదు గని, గాలి ఎటు మళ్లిందో తెలుస్తది. రెమింగ్టన్ తూటాల వ్యాపారాన్ని 8.14 కోట్ల డాలర్లకు విస్టానే కొన్నది. ఇగ నాలుగు పేర్లల్ల మూడు ఒక్క ఇంటియే.

కొత్త ఫ్యాక్టరీ ఎందుకు కట్టలేదంటే, రేపు మళ్ల గిరాకి పడిపోతదని కంపెనీలకు ఎరికే. ఉన్న ప్రైమర్లను ముందుగల్ల సొంత తూటాలల్ల పెట్టుకుంటయి, లాభం గండ్లనే ఎక్కువ. మిగిలినయే రీలోడింగోళ్లకు అస్తయి. మిగలకుంటే రావు. దాచుడేం లేదు, దుకాండ్లకు వచ్చినయి వచ్చినట్టే పోయినయి. 2021 ఆగస్టుల రష్యా తూటాల దిగుమతి మీద కొత్త పర్మిట్లు ఆపుతున్నమని అమెరికా ప్రకటించింది. అది నవాల్నీ మీద విషప్రయోగానికి శిక్షగ పెట్టింది, కని దాన్ని సుత కుట్ర ఖాతాలనే రాసిన్రు.

అల్లుణ్ని అడిగిన, నీకాడ ఎన్ని ప్రైమర్లున్నయిరా అని. "పదకొండు వేలు మామా, గ్యారేజీల." ఏడాదికి ఎన్ని కాలుస్తవ్? "రెండు వేలుంటయేమో." అంతకుముందు వెయ్యికి 30, 40 డాలర్లున్నయి, చేతులు మారుకుంట 100 దాటంగనే ఎందుకైనా మంచిదని కొన్నడట. వాన్ని తిట్టబుద్ధి కాలేదు. ఫ్యాక్టరీలల్ల ఎంత తయారైతున్నదో వానికి చెప్పేటోడు ఒక్కడు లేడు, పుకారొక్కటే పొద్దుమాపు ఫోన్ల మోగుతది.

ఇప్పుడు కొరత మందు మీదికి మళ్లింది. తూటా మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. అది ఎక్కువగ పత్తి లింటర్‌ను యాసిడ్లల్ల నానబెట్టి చేస్తరు. లింటర్ అంటే మన ఆదిలాబాద్, వరంగల్ రైతులకు చెప్పక్కర్లేదు, జిన్నింగ్‌ల దూది తీసినంక గింజను పట్టుకొని మిగిలే పొట్టి నూగు. ఉక్రెయిన్ ఫిరంగులకు, టెక్సాస్ గ్యారేజీలకు మూలసరుకు గదే. యూరప్ ఆ లింటర్ కోసం ఎక్కువగ చైనా మొకం చూస్తది. 2024ల విస్టా కంపెనీ, ప్రపంచంల మందు కొరత ఉన్నదని చెప్పి రేట్లు పెంచింది. విడిగ అమ్మే మందు డబ్బాలు కొంతకాలం పంపుడే ఆపింది. అదే ఏడు నవంబర్‌ల ఫెడరల్, సీసీఐ, రెమింగ్టన్ తూటాల వ్యాపారమంతా చెక్ దేశపు సీఎస్‌జీ అనే ఆయుధాల కంపెనీ చేతికి పోయింది. ఉక్రెయిన్‌కు ఫిరంగి గుండ్లు అమ్ముతున్నది సుత గా కంపెనీయే. ఈ సంగతి మా అల్లునికి నేను చెప్పేదాంక తెల్వదు.