వెండికొండ వెనకటి కథ

సూరత్‌లో జరీ పని చూసినవాళ్లకు వెండి గురించి వేరే చెప్పనక్కర్లేదు. కడ్డీని తీగగా లాగి, వెంట్రుకంత సన్నం చేసి, చదునుగా సాగగొట్టి, పట్టుదారానికి చుట్టి, పైన బంగారు పూత ఎక్కిస్తారు. మేం పెరిగిన జోల్వాలో ఆ పని లేదు. అక్కడివి పాలియెస్టర్ నూలు మిల్లులు, మగ్గాల షెడ్లు. కరీంనగర్ నుంచి వచ్చిన మా నాన్న వాటిలోనే పనిచేశాడు. పండగలకు లింబాయత్‌లో చుట్టాల ఇంటికి పోతే మాత్రం పెద్దవాళ్ల మాటల్లో వెండి ధర రాకుండా ఉండేది కాదు. నేనిప్పుడు కాపురముంటున్న అమెరికాలోని కొలరాడో కూడా వెండితో లేచి, వెండితోనే కూలిన నేల. ఆ కూలడంలో మన రూపాయికీ చెయ్యి ఉందని తెలిసిన దగ్గర్నుంచి, జోల్వాలో ఉన్న మీకు ఈ కథ చెప్పాలని ఉంది.

ఈ చలికాలం పిల్లల్నీ, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మనూ తీసుకుని స్నోమాస్ వెళ్లాం. ఆస్పెన్ ఊరి చుట్టుపక్కల ఉన్న నాలుగు స్కీ కొండల్లో ఇదే పెద్దది, 1967లో తెరిచారు. స్కీ బూటంటే గట్టి ప్లాస్టిక్ డొప్ప. క్లిప్పులు బిగించాక మడమ కదలదు, పిక్క ముందుకు వంగే ఉంటుంది, మామూలు నేల మీద నాలుగడుగులు వేయడమే కష్టం. అదే బూటు మడమ స్కీ పలక మీద టక్కుమని పడిందా, ఇక కాలూ పలకా ఒక్కటే. పిల్లలకు మొదట నేర్పేది ఆగడం. పలకల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక కొసలు దూరంగా తోస్తే వేగం తగ్గుతుంది. ఆ ఆకారాన్ని నేర్పేవాళ్లు 'పిజ్జా' అంటారు. మధ్యాహ్నానికల్లా మా చిన్నది అలా ఆగుతూ, జారుతూ ఒక్కతే దిగొచ్చింది.

కింద బెంచీ మీద కూర్చుని చూస్తున్న అమ్మ అడిగింది: "ఈ గుట్టంతా ఎవలది బిడ్డా?"

చాలా భాగం సర్కారు అడవి. వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్ అంటారు. కంపెనీ అనుమతి తీసుకుని, ఫీజు కట్టి స్కీ నడుపుతుంది. అంతకుముందు ఎవరిదంటే, ఇక్కడి మూలవాసులైన యూట్ జనానిది. కొలరాడో పడమటి భాగం వాళ్లదేనని 1868లో అమెరికా ప్రభుత్వమే ఒప్పందం రాసిచ్చింది. 1879 వేసవికే వెండి వెతికేవాళ్లు కనుమ దాటి ఈ లోయలోకి జొరబడ్డారు. తాము వేసిన గుడారాల ఊరికి యూట్ సిటీ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడే ఉత్తరాన యూట్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఏజెంటు మీకర్, గుర్రాల మీద బతికే యూట్లను బలవంతాన రైతుల్ని చేయబోయి, వాళ్ల గుర్రప్పందేల మైదానాన్ని దున్నించాడు. గొడవ ముదిరి మీకరూ అతని మనుషులూ చచ్చిపోయారు. ఆ సాకుతో 1881లో సైన్యాన్ని పెట్టి యూట్లలో ఎక్కువమందిని యూటా ఎడారి వైపు తోలేశారు. అప్పటికే ఊరి పేరు ఆస్పెన్‌గా మారిపోయింది. ఇక్కడి పిల్లలకు బడిలో గని కథ చెప్పినంత వివరంగా ఈ కథ కూడా చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను.

వెండి గనుల ఊరైన ఆస్పెన్‌కు 1887లో రైలొచ్చింది. 1889లో ఊరి మధ్య సంగీత నాటకశాల లేచింది. 1890లో షెర్మన్ చట్టం వచ్చి, ప్రభుత్వమే నెలనెలా 45 లక్షల ఔన్సుల వెండి కొనడం మొదలుపెట్టింది. ఆస్పెన్ కళకళలాడింది.

ఇక్కడే మన దేశం వస్తుంది. ఆ రోజుల్లో బొంబాయి టంకశాలకో కలకత్తా టంకశాలకో వెండి తీసుకుపోతే, కొద్దిపాటి ఖర్చు పట్టుకుని రూపాయలు పోసిచ్చేవాళ్లు. అందుకే లోకంలోని వెండి మన వైపు పారేది. కానీ తెల్లదొరల ప్రభుత్వం ఏటా లండన్‌కు కట్టాల్సింది బంగారం లెక్కన. వెండి ధర తగ్గేకొద్దీ అంతే బాకీకి ఎక్కువ రూపాయలు పోయాల్సి వచ్చేది. దాంతో 1893 జూన్ 26న టంకశాలల తలుపులు జనం వెండికి మూసేశారు. వెండి ధర రోజుల్లోనే కుప్పకూలింది. కొలరాడోలో గనులు మూతపడ్డాయి, జులైలో డెన్వర్ బ్యాంకులు వరసగా తలుపులేశాయి. నవంబరులో అమెరికా ప్రభుత్వం షెర్మన్ కొనుగోళ్లనూ రద్దు చేయడంతో ఉన్న ఆశ కూడా పోయింది. ఆస్పెన్ ఖాళీ అవుతూ వచ్చి, 1930 జనాభా లెక్కల నాటికి 705 మంది మిగిలారు.

మన వైపు జరిగింది కూడా మరవకూడదు. రైతు ఇంట్లో కడియాలూ వడ్డాణమే బ్యాంకు. కరువొస్తే అమ్మి శిస్తు కట్టేది వాటితోనే. శిస్తు రూపాయిల్లో అలాగే ఉంది, కడియం విలువ మాత్రం పడిపోయింది. ఆస్పెన్ గని కూలీకీ మన రైతుకూ ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇద్దర్నీ ముంచింది ఒక్క ఉత్తర్వు.

మళ్లీ ఊరికి ప్రాణం పోసింది యుద్ధం. 1942లో ఇక్కడికి తూర్పున, కొండల మధ్య క్యాంప్ హేల్ కట్టి, మంచులో పోరాడే పదో మౌంటెన్ డివిజన్‌కు శిక్షణ ఇచ్చారు. 1945 ఫిబ్రవరిలో వాళ్లు ఇటలీలోని రీవా రిడ్జ్ గట్టును చీకట్లో ఎక్కి జర్మన్ల మీద పడ్డారు. ఆ డివిజన్‌లో సుమారు వెయ్యిమంది తిరిగి రాలేదు. గాయపడి వచ్చిన ఆస్ట్రియా వాడు ఫ్రీడల్ ఫైఫర్, షికాగో వ్యాపారి వాల్టర్ పెప్కీతో కలిసి ఆస్పెన్‌లో స్కీ కంపెనీ పెట్టాడు. 1947 జనవరిలో కుర్చీ లిఫ్టును ఘనంగా ప్రారంభించారు. వెయిల్ స్కీ కొండను 1962లో తెరిచిన పీట్ సైబర్ట్ కూడా ఆ డివిజన్ సిపాయే.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇల్లు కొనాలంటే కోట్లున్నవాళ్లకే. హోటల్ గదులు తుడిచేవాళ్లు, వంటవాళ్లు, వాళ్లలో చాలామంది మెక్సికో, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాళ్లు, దూరంగా గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్, రైఫిల్ ఊళ్లనుంచి తెల్లవారకముందే బస్సెక్కుతారు. ఒక్క పని మాత్రం ఈ ఊరివాళ్లు బాగా చేశారు. ఆస్పెన్, పిట్కిన్ కౌంటీ కలిసి అక్కడ పనిచేసేవాళ్లకే దక్కేలా ఇళ్లు కేటాయించి, మళ్లీ అమ్మినా ధర హద్దు దాటకుండా కట్టడి పెట్టాయి. ఇళ్లు చాలవు, లాటరీ తీసి ఇస్తారు, అయినా వేలమంది ఆ ఇళ్లలో బతుకుతున్నారు. మన మగ్గాల షెడ్ల దగ్గర గదుల్లో ఒకే పరుపు మీద పగటి షిఫ్టువాడూ రాత్రి షిఫ్టువాడూ వంతులేసుకుని పడుకోవడం మీరూ చూశారు, నేనూ చూశాను. కడోదరా, పల్సాణా, జోల్వాల్లో పనిచేసేవాళ్ల పేరు మీద అలాంటి ఇళ్లు కట్టమని మిల్లుల వాళ్లనూ పంచాయతీనీ కూర్చోబెట్టి అడగండి. ఇక్కడి నియమాలు కావాలంటే తెలుగులో రాసి పంపుతాను.