దివాన్ దేవిడీలో ఒక నిజం

1936 చలికాలం. హైదరాబాద్. దివాన్ దేవిడీ భవనంలో నవాబు సాలార్‌జంగ్ తన సేకరణ చూపిస్తున్నారు. ఏ గదిలోకి అడుగుపెట్టినా కళ్లు చెదురుతున్నాయి. పాలరాతి బొమ్మలు. పింగాణీ. గోడల నిండా విలాయతీ తైలచిత్రాలు. చూస్తున్న అమ్మాయికి ఇరవై మూడేళ్లు. ఆమె కూడా చిత్రకారిణే. ఎలా ఉన్నాయని నవాబు అడిగారు.

బాగున్నాయంటే చాలు. ఆమె బొమ్మలు అదే ఊళ్లో ప్రదర్శనకొచ్చాయి. కొనగల మనిషి ఎదురుగానే ఉన్నారు. అమృతా షేర్‌గిల్ నోరు విప్పింది.

సెజాన్, వాన్‌గో, గోగాన్ లాంటి కొత్తదారి చిత్రకారులుండగా ఈ పాతదారి లేటన్‌నీ, బుగరోనీ, వాట్స్‌నీ ఎలా కొన్నారని అడిగేసింది!

తండ్రి ఉమ్రావ్‌సింగ్ పంజాబ్‌లో మజీఠియా సర్దార్ల వంశం. సంస్కృతం, పారశీకం చదివిన పండితుడు. తల్లి హంగేరీ గాయని. అమృత 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టింది. సిమ్లాలో పెరిగింది. పదహారేళ్లకే పారిస్ వెళ్లి చిత్రకళ చదివింది. అక్కడ 1932లో వేసిన 'యంగ్ గర్ల్స్' ఆమెకు గొప్ప గుర్తింపు తెచ్చింది. ఇంటిపేరు పెద్దదే. కానీ సొంతంగా నిలబడాలంటే బొమ్మలు అమ్ముడుపోవాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా మనసులో మాట దాచుకోదు. అంతకుముందు ఏడాదే సిమ్లా కళాసంఘం ఆమె బొమ్మలు కొన్ని కాదని, ఒకదానికి మాత్రం బహుమతి ఇచ్చింది. ఆ బహుమతిని తిప్పి పంపేసింది. ఇప్పుడు బంతి నవాబు చేతిలో ఉంది.

నవాబు ఆమె బొమ్మలు దగ్గర పెట్టుకున్నారు. రోజులు గడిచాయి. ఆశ పుట్టింది. చివరికి బొమ్మలు తిరిగొచ్చాయి. మైసూరులోనూ అంతే. మహారాజా ఆమెను కాదని రవివర్మ చిత్రాలనే ఎంచుకున్నారు. ఇక ఇంటిదారి పట్టడమేనా?

పట్టలేదు. ఆ దక్షిణాది యాత్రలో, అప్పట్లో నైజాం ఏలుబడిలోనే ఉన్న అజంతా గుహల్లో చీకటికి కళ్లు అలవాటుపడ్డాక గోడల మీద మెల్లగా తేలిన ఆ పాతకాలపు మనుషుల్ని, కన్యాకుమారి దాకా ఎండలో నడిచిపోతున్న నల్లటి నిగనిగల జనాన్ని, కొచ్చిన్ మట్టంచేరి ప్యాలెస్‌లో రంగులు తగ్గని కుడ్యచిత్రాల్ని కళ్లనిండా నింపుకుని 1937లో సిమ్లా చేరింది. తలుపు మూసి కుంచె అందుకుంది.

'పెళ్లికూతురి అలంకరణ' వచ్చింది. 'బ్రహ్మచారులు' వచ్చింది. సంతకెళ్లే దక్షిణాది పల్లెజనం వచ్చారు. పారిస్ నేర్పిన చెయ్యి అదే, బొమ్మల్లోని మనుషులు మాత్రం పూర్తిగా మనవాళ్లు. దివాన్ దేవిడీలో ఆమె అన్నది పొగరు కాదు, తను నమ్మిన దారి. ఆ దారిలో నడవడానికి మిగిలింది నాలుగేళ్లే.

1941 సెప్టెంబర్. భర్త, డాక్టర్ విక్టర్ ఈగన్‌తో కలిసి లాహోర్‌లో కాపురం. డిసెంబర్‌లో పెద్ద ప్రదర్శన. మిద్దె మీంచి కనిపించే ఇళ్లూ గేదెలూ కాన్వాసు మీదికి ఎక్కుతున్నాయి. ఇంతలో జబ్బు చేసింది. కడుపులో బాధ. ఒక రోజు, రెండు రోజులు. తగ్గలేదు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు.

డిసెంబర్ 5 రాత్రి ఊపిరి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు! అసలు కారణం నేటికీ తేలలేదు. గేదెల బొమ్మ సగంలోనే ఉండిపోయింది.

తర్వాత భారత ప్రభుత్వం ఆమె చిత్రాలను జాతీయ సంపదగా ప్రకటించింది. దేశంలో ఉన్నవాటిని ఇప్పుడు ఎగుమతి చేయడానికి వీల్లేదు. దక్షిణాది యాత్ర ముగించుకొచ్చిన 1937లోనే వేసిన 'ద స్టోరీ టెల్లర్' 2023లో వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికింది.

'పెళ్లికూతురి అలంకరణ', 'బ్రహ్మచారులు' ఢిల్లీ జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో ఉన్నాయి. తెనాలిలో ఢిల్లీ రైలెక్కే మనవాళ్లు ఒక పూట అటు కేటాయించండి. బొమ్మలు గీసే ఆడపిల్ల ఇంట్లో ఉంటే తప్పక వెంట తీసుకెళ్లండి.